మీ ఇంటికైతే ఏది?

మేస్త్రి ముక్కు చివరికి జారిన కళ్లద్దాల్లోంచి చూస్తూ, మదర్‌బోర్డును అట్టపెట్టె మీద పెడుతున్నాడు. ఇటుక, సిమెంటు ఎన్నడూ ముట్టలేదు. ఇరవై రెండేళ్లుగా ఈ దుకాణం వెనకబల్ల దగ్గర కంప్యూటర్లు కడుతున్నాడు కనుక ఆ పేరు. చీలిన బొటనవేలి గోరు, వంగిన మెడ. రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే అదే ఎక్కువ.

బల్లకు అవతల దర్జీ ఆవిడ నిలబడి ఉంది. పిల్ల చదువుకూ, కుట్టు డిజైన్లు చూసుకోవడానికీ ఇంటికి మొదటి కంప్యూటర్ కొంటోంది. యజమాని ఎనిమిది కోర్ల ప్రాసెసర్ పెట్టె ఆమె చేతిలో పెట్టాడు.

"పదేళ్లు కళ్లు మూసుకుని వాడుకోవచ్చమ్మా."

ఆవిడ మేస్త్రి వైపు తిరిగింది. "మీరు చెప్పండన్నయ్యా. మీ ఇంటికైతే ఏది వేసుకుంటారు?"

మేస్త్రి చేతులు ఆగాయి. ఇన్నేళ్లలో అతణ్ణి ఆ మాట అడిగినవాళ్లు లేరు. యజమాని కనుసైగ చేస్తూనే ఉన్నాడు.

"అది వద్దమ్మా. సూదితో అయ్యే పనికి గునపమెందుకు? నాలుగు కోర్లది చాలు. తెర మీద బొమ్మ చూపించే భాగం దీంట్లోనే ఉంది, వేరే కార్డు అక్కర్లేదు. మిగిలినదాంతో మెమరీ పెంచుకోండి, మంచి ఎస్‌ఎస్‌డీ వేయించుకోండి."

"రేపు చాలకపోతే?"

"ఈ బోర్డు మీద పెద్దది కూడా కూర్చుంటుంది. అప్పుడు చూసుకుందాం."

యజమాని ముఖం కందగడ్డయింది. "తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావా? రేపట్నుంచి రానక్కర్లేదు!"

"సరేనండి," అని మేస్త్రి, ఆవిడ తలూపగానే, నాలుగు కోర్ల పెట్టె విప్పాడు.

ప్రాసెసర్‌ను అంచులతో పట్టుకుని, మూలనున్న త్రికోణాన్ని సాకెట్ గుర్తుతో కలిపి దించాడు. ఒత్తలేదు, దానంతటదే కూర్చుంది. వేడిని లాగే పేస్టు బియ్యపుగింజంత పెట్టి ఫ్యాన్ బిగించాడు. గంట తర్వాత తెర వెలిగితే ఆవిడ చప్పట్లు కొట్టింది. మేస్త్రి నవ్వి, ఎడమభుజం రుద్దుకున్నాడు.

"ఒంట్లో బాగాలేదా అన్నయ్యా?"

"ఏం లేదమ్మా. మీరు బిల్లు రాయించుకు రండి. ఈలోగా పక్కమూత బిగించేస్తాను."

ఆవిడ తిరిగొచ్చేసరికి అతను బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. రెండుసార్లు పిలిచింది. పలకకపోతే కేక వేసింది. యజమాని వచ్చి భుజం కదిపితే తల పక్కకు ఒరిగిపోయింది. ఎదురు క్లినిక్ డాక్టరు పరుగున వచ్చి, ఛాతీ నొక్కి నొక్కి, చివరికి చేతులు తీసేశాడు.

యజమాని నమ్మలేకపోయాడు. ఇందాకేగదా "సరేనండి" అన్నాడు!

"ఊరికే అన్నానయ్యా. రేపు రా. మామూలు వేళకే రా." డాక్టరు యజమానిని పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టినా అదే మాట. మేస్త్రి భార్య వచ్చాక ఆమెతోనూ అదే అన్నాడు: "రేపు రమ్మన్నానని చెప్పమ్మా." ఆమె అర్థంకాక అతని ముఖంలోకే చూస్తూ నిలబడిపోయింది.

శవాన్ని తీసుకువెళ్లారు. దర్జీ ఆవిడ ఉత్తచేతులతో ఇంటికి వెళ్లిపోయింది. సాయంత్రం యజమాని వెనకబల్ల దగ్గరికి వచ్చి, ఆమె కంప్యూటర్ ముందు నిలబడ్డాడు. పక్కమూతకు రెండు స్క్రూలు గట్టిగా బిగించి ఉన్నాయి. మిగిలిన రెండూ, దొర్లిపోకుండా, ఒక సీసామూతలో ఉన్నాయి.