అప్పగింతలు ముందొచ్చిన పెళ్లి

ఇలా దగ్గరికి జరగండి నాయనా, కూర్చోండి. నా స్పీకర్లలో ఒకదాని తీగ ఎలుక కొరికింది, దూరంగా ఉంటే వినపడదు.

నేను ఒక పాటల పెట్టెను. చెక్కదీ కాదు, రేకుదీ కాదు. కంప్యూటర్‌లో ఉండి పాటలు వినిపించే సాఫ్ట్‌వేర్‌ను. కడపలో షమీమ్ అనే అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చాక, పక్కన టీ చల్లారిపోతున్నా చూసుకోకుండా నన్ను తయారుచేసి, ఎవరైనా ఊరికే వాడుకోండని లోకం మీదికి వదిలింది. చల్లగా ఉండాలి తల్లి. చదువు మాత్రం పెద్దగా చెప్పించలేదు. ఏ పాటలిచ్చినా అ నుంచి మొదలుపెట్టి అక్షరాల వరసలో నిలబెట్టడం, అంతే నాకొచ్చిన విద్య.

సలహాలు రాయమని నాలో చిన్న గడి కూడా పెట్టింది. మనుషులు ఏమడిగారనుకున్నారు? ఒకాయన నాకు నల్లరంగు వేయమన్నాడు. ఒకావిడ పాటతో పాటు గీతలు గంతులేయాలంది. పాట వినడానికి కళ్లెందుకో నాకిప్పటికీ తెలియదు. షమీమ్ అవన్నీ చేసింది, నేనూ కొత్త చీర కట్టుకున్నట్టు మురిసిపోయాను.

అలా తిరిగి తిరిగి పాలకొండలో మైకు సెట్టు దాలినాయుడి కంప్యూటర్‌లోకి చేరాను. అతని తల్లి గవరమ్మ పెళ్లి పాటలకు పేరుపడ్డ మనిషి. గొంతుకు జబ్బు చేసి, ఆపరేషన్ అయ్యాక గుసగుసే మిగిలింది. అంతకుముందు పాడి పెట్టిన పాటలు నాలో ఉన్నాయి: నలుగు, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు. ప్రతి పెళ్లిలోనూ దాలినాయుడు వాటిని ఆ వరసలో పేర్చుకునేవాడు. గవరమ్మ వెనక కుర్చీలో కూర్చుని, తన పాట వస్తుంటే పెదాలు కదిపేది. ఆ కాసేపూ ఆమెకు గొంతు ఉన్నట్టే.

ఒక పెళ్లిలో నలుగు పెడుతుండగా కరెంటు పోయింది. జనరేటర్ వేశారు, నేను లేచాను. ఆరిపోతే అంతా మరిచిపోయే తలకాయ నాది. దాలినాయుడు పేర్చిన వరస ఎక్కడా లేదు. వచ్చిన విద్యే చేశాను. అ అంటే అప్పగింతలు.

“నీ పిల్లికి పాలెవరు పోస్తారే కూతురా” అని పందిరంతా వినపడేలా ఎత్తుకున్నాను.

ఒంటినిండా నలుగుపిండితో పెళ్లికూతురు బావురుమంది. ఆమె మేనత్త పారమ్మ పసుపు చేతులతోనే ఉరికొచ్చింది.

“ఒరే దాలీ! పెళ్లికొడుకు ఇంకా బండే దిగనేదు, అప్పుడే గుంటని సాగనంపేస్తన్నావేట్రా?”

“నాను కాదత్తా, కంప్యూటరు...”

“కంప్యూటరుకి పెళ్లయిందేట్రా, తెల్డానికి? ఆపు! ఈ గొంతు మరి మా పెళ్లిల్లో ఇనపడకూడదు.”

అందరూ నవ్వారు. గవరమ్మ నవ్వలేదు. ఆ మాట ఊళ్లు తిరిగి, ఆమె పాట అపశకునమైపోయింది. పిలిచినవాళ్లంతా సినిమా పాటలే వేయమన్నారు. గవరమ్మ పెళ్లిళ్లకు రావడం మానేసింది. నన్నెవరూ పల్లెత్తు మాట అనలేదు, చూశారా!

అప్పుడు దాలినాయుడు ఆ సలహాల గడిలో రాశాడు: “కరెంటు పోయినా నేను పేర్చిన వరస పోకూడదు. ఆగిన మాట దగ్గరే మళ్లీ ఎత్తుకోవాలి. ఒక పాట అయ్యాక ఆగాలి, పంతులుగారు చెయ్యి ఊపి, నేను నొక్కితేనే తరవాతది. అక్షరాల లెక్కన అప్పగింతలు ముందొచ్చి, మా అమ్మ పాటను జనం వెలేశారు.”

షమీమ్ జవాబిచ్చింది: “మా ఇళ్లల్లో దాన్ని రుక్సతీ అంటాం అన్నా. మాకూ అది చివరే. అమ్మగారి పాట పంపండి, దాంతోనే సరిచూస్తాను.”

కంప్యూటర్ ఆర్పుతూ, వెలిగిస్తూ ఆ పాటే వేసి చూసింది. వంటింట్లోంచి వాళ్లమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, “ఎవరే పాడేది? మధ్యలో ఆపకే” అంది.

అలా సరిచేసి నన్ను మళ్లీ దాలినాయుడికి పంపింది. కొన్నాళ్లకు పారమ్మ కూతురి పెళ్లి వచ్చింది. నలుగు పెడుతుంటే సినిమా పాట మోగుతోంది. ఆడవాళ్ల చేతులు ఆ వేగానికి పరుగెడుతున్నాయి.

“తోలూడొచ్చీలా గుందర్రా! ఒరే దాలీ, మీ యమ్మ పాటుందేటి? ముందు నలుగే వస్తాదా?” అని కేకేసింది పారమ్మ.

“ఇప్పుడు దీనికీ పెళ్లయిందత్తా!”

నలుగు పాట మొదలైంది. పారమ్మ చెయ్యి నెమ్మదించింది. సగం పాటలో కరెంటు పోయింది. పారమ్మ పసుపు చెయ్యి పెళ్లికూతురి భుజం మీదే ఆగింది. జనరేటర్ వేయగానే నేను లేచి, ఏ మాట దగ్గర ఆగానో ఆ మాటే అందుకున్నాను.

“ఆటో పంపండర్రా,” అంది పారమ్మ. “అప్పగింతలకి గవరమ్మొదిన ఉండాల.”

గవరమ్మ వచ్చి తన కుర్చీలో కూర్చుంది. తలంబ్రాలయ్యాక నేను నోరు మూసుకుని ఉన్నాను, ఎవరు చెయ్యి ఊపుతారా అని. ఆఖరికి ఊపింది పంతులుగారు కాదు, గవరమ్మే.

ఇప్పుడీ కంప్యూటర్ మీద పాత తువ్వాలు కప్పారు. దాలినాయుడి ఫోన్లో నా కూతురులాంటి కొత్త సాఫ్ట్‌వేర్ పాడుతోంది. నాకే లోటూ లేదు. నా పేరు మరిచినా ఫరవాలేదు. నలుగు ముందు, అప్పగింతలు చివర అని నాకు నేర్పినవాళ్లను మాత్రం గుర్తుంచుకోండి. మీ పిల్లలకూ చెప్పండి నాయనా, ఆ పిల్లి పాట కూడా పాడి చెప్పండి.