మరక ముడి

మా లాండ్రీలో ఒక్కో ఇంటికి ఒక్కో దారం ఉండేది. గోడకు వరసగా మేకులు, మేకుకో దారం. బట్ట చిరిగి వస్తే ఒంటి ముడి, గుండీ ఊడి వస్తే జంట ముడి, మరకతో వస్తే ముడిలో ఎర్ర పోగు. వారం మారితే ఒక గుడ్డ పీలిక. బట్ట నీళ్లలో తడవకముందే ముడి పడాలి. లేకపోతే మీరే పాడుచేశారని మన మెడకు చుడతారు. మా ఆయన ఇవన్నీ పుస్తకంలో రాసేవాడు. నాకు అక్షరం ముక్క రాదు కాబట్టి దారం నాది. ఆయన రాతకూ నా ముడికీ ఒక్కనాడూ తేడా రాలేదు.

పక్క స్థలంలో కాంట్రాక్టరు మేడ కట్టడం మొదలుపెట్టాక సిమెంటు దుమ్మంతా మా డాబా మీద ఆరేసిన దుప్పట్ల మీదికే వచ్చేది. మా ఆయన రెండుసార్లు చెప్పి చూశాడు. మూడోసారి దరఖాస్తు పెట్టి పని ఆపించాడు. ఆ మర్నాడు మధ్యాహ్నం డాబా మీద మాటామాటా పెరగడం ఎదురింటి దర్జీ విన్నాడు. నేను కింద ఇస్త్రీ చేస్తున్నాను. దబ్బున చప్పుడైతే, తడి దుప్పట్ల మూట జారవిడిచాడనుకుని విసుక్కున్నాను కూడా.

డాబా మీంచి పడి ప్రాణం విడిచిన ఆయన గుప్పిట్లో ఒక గుండీ దొరికిందని చెప్పారు. దాన్ని పోలీసులు పట్టుకెళ్లారు. నాకు చూపించలేదు.

కాంట్రాక్టరు ఆ డాబా ఎక్కనేలేదన్నాడు. కోర్టులో దర్జీ, గొంతు ఎవరిదో పోల్చుకోలేదని మాట మార్చాడు. గుండీ దగ్గరికి వచ్చేసరికి కాంట్రాక్టరు వకీలు నవ్వాడు.

"వడ్రంగి ఇంట్లో పొట్టు ఉంటుంది, లాండ్రీవాడి చేతిలో గుండీ ఉంటుంది. ఇందులో వింతేముంది?"

జనం కూడా నవ్వారు. అనుమానం మిగిలిందని కేసు కొట్టేశారు.

ఆ గుండీని నేను అప్పుడే మొదటిసారి చూశాను. తెల్లది, అంచున సన్నటి నీలం గీత.

ఆయన పోయిన రెండు వారాలకు లాండ్రీ తెరిచాను. అప్పటికి ఇంకా ఎవరి మీదా కేసు లేదు. కాంట్రాక్టరు ఇంటి పనిమనిషి ఎప్పటిలాగే మూట తెచ్చి పడేసింది. అందులో ఒక చొక్కాకు నీలం గీత గుండీలు. రెండోది లేదు. కాలరు మీద ఎండిన నెత్తురు. జంట ముడి వేసి, ఎర్ర పోగు కలిపాను. నెత్తుటి మరకకు వేడినీళ్లు తగిలితే ఇక పోదు. చన్నీళ్లలో నానబెట్టి, సబ్బు పెట్టి, మెల్లగా రుద్దాను. నా పని నాకు బాగా వచ్చు. మరక పోయింది. అది ఎవరి నెత్తురో ఇక ఎప్పటికీ తెలియదు. తెలియకుండా చేసింది నేనే.

కోర్టులో గుండీ చూసిన రోజున ఈ సంగతి బయటపెట్టలేదు. నా సాక్ష్యం అప్పటికే అయిపోయింది. పక్కన మా అమ్మాయి కూర్చుని ఉంది.

తర్వాత ఒక వకీలమ్మ మా ఇంటికి వచ్చింది. జైలు దారి మూసుకుపోయింది కానీ సివిల్ దావా వేయొచ్చంది. అక్కడ ఆవగింజంత అనుమానం ఉన్నా వదిలేస్తారట, ఇక్కడ తక్కెడ ఎటు మొగ్గితే అటేనట. నష్టపరిహారం అడగాలంది. ఆయన్ని తోసింది ఎవరో ఒక కాగితం మీద రాయించండి, నాకు అది చాలన్నాను.

దావా పడగానే కాంట్రాక్టరు రాజీకి మనిషిని పంపాడు. డబ్బిస్తాడు, తప్పు మాత్రం ఒప్పుకోడు. మా అమ్మాయి తీసుకుందామంది.

"మన దగ్గర ఏముందమ్మా, దండేలు తప్ప?"

అప్పుడు కాంట్రాక్టరు ఇంటి మేకు మీది దారం తీసి దాని చేతిలో పెట్టాను. అంతా చెప్పాను. అది ఆ ముడిని వేలితో తడిమింది.

"ఊడిన గుండీ కూడా కుట్టి పంపావా?"

"కుట్టాను."

దారం నా ఒళ్లో పెట్టి లేచి వెళ్లింది. మళ్లీ రాజీ మాట ఎత్తలేదు.

కోర్టులో ఆ వకీలు మళ్లీ నవ్వించాడు. ఇవాళ దారం తెచ్చారు, రేపు నులక మంచం తెస్తారన్నాడు. జడ్జిగారు నవ్వలేదు. మా ఆయన పుస్తకం తెప్పించి, పాత వారాలు ఒక్కొక్కటే చదివించారు. నేను పుస్తకం వైపు చూడకుండా దారం తడుముతూ చెప్పుకుంటూ వచ్చాను. నలభై వారాలు ఒక్క ముడి తప్పలేదు. ఆయన రాత ఆగిపోయిన చోట పుస్తకం మూశారు. తర్వాతి ముడి ఒక్కదాన్నే చెప్పాను. అలాంటి మూట తెచ్చిన మాట నిజమేనని పనిమనిషి కూడా చెప్పింది.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు దాచావమ్మా?" అన్నాడు ఆ వకీలు.

"ఉతికింది నేనే కదయ్యా. సిగ్గేసింది."

తీర్పు మాకే వచ్చింది. కాంట్రాక్టరు తన కారులో తన ఇంటికి వెళ్లాడు. పై కోర్టుకు అప్పీలు వేశాడు. అది తేలేదాకా దారం కోర్టులోనే ఉంటుందట.

ఆ కాగితం నేనే చదువుకోవాలని అక్షరాలు దిద్దాను. మా అమ్మాయే దిద్దించింది. ఇప్పుడు వేలు పెట్టి చదవగలను: "ప్రతివాది తోయడం వల్లనే మృతుడు పడి చనిపోయినట్లు ఈ కోర్టు నిర్ధారిస్తున్నది." నేను తడబడితే పక్కన కూర్చుని సరిదిద్దుతుంది. ఆ తర్వాత లేచి వెళ్లి, తన బట్టలు తనే ఉతుక్కుని, డాబా మీద వేరే దండెం మీద ఆరేసుకుంటుంది.