నా వెనక రెండు బ్రాకెట్లు

నేను ఒక పేరులేని ఫంక్షన్‌ని. ఊరూ పేరూ లేనివాళ్ళంటే మనుషులకు చిన్నచూపే గాని, ప్రోగ్రాములు రాసేవాళ్ళకు మాతో రోజూ పని పడుతుంది. ఒక్కచోట, ఒక్క పనికి కావలసివస్తే, పేరు వెతుక్కోకుండా అక్కడికక్కడే మమ్మల్ని రాసేసి మరో ఫంక్షన్ చేతిలో పెడతారు. సమయం వచ్చినప్పుడు అది పిలుస్తుంది, మేం పలుకుతాం. పిలవకపోతే కొంపలు మునుగుతున్నా మా నోరు పెగలదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ వణుకే.

నన్ను రాసింది లోవకుమారి. తుని దగ్గర సముద్రపొడ్డున ఒక రొయ్యపిల్లల హేచరీలో టెక్నీషియన్. ఫోనులో వీడియోలు చూస్తూ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టి మూడు వారాలైంది. తొట్టెల్లో ఆక్సిజన్ నాలుగు కంటే తగ్గితే గంట మోగాలని ఆమె కోరిక. తొట్టెల్లో ముంచిన సెన్సారు తీగల ద్వారా నీళ్ళను కనిపెట్టుకుని ఉండేది ఒక పెద్ద ఫంక్షన్; గంట కొట్టాల్సింది నేను.

అంతవరకూ ఆ కాపలా హేచరీలో పాత పనివాడు సింహాద్రిది. ఇరవై ఏళ్ళుగా గంటకోసారి గాజు బీకరు ముంచి, వెలుగుకు ఎత్తి, పిల్లలు చురుగ్గా ఉన్నాయో లేదో చూసేవాడు. సరిగ్గా కూర్చుని అన్నం తిన్న రోజు లేదు.

"దాని పేరేటమ్మా?" అని అడిగాడు తెర మీద నన్ను చూసి.

"పేరు లేదు బాబాయ్. ఒక్కచోటే కదా పని, పేరెందుకని పెట్టలేదు."

"పేరు లేందాన్ని ఎలా పిలుత్తారు?"

"చేతికిచ్చేత్తే అదే పిలుచుకుంటాది. నువ్వింక గంట గంటకీ లేవక్కర్లేదు."

అసలు మోగుతానో లేదో చూద్దామని ఆమె నా వెనక రెండు ఖాళీ బ్రాకెట్లు పెట్టింది. మా భాషలో వాటికి 'ఇప్పుడే చెయ్యి' అని అర్థం. ప్రోగ్రాము మొదలవగానే మోగాను. లోవ చప్పట్లు కొట్టింది. ఆ సంబరంలో బ్రాకెట్లు తీసేయడం మరిచిపోయింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. బ్రాకెట్లు లేకుంటే ప్రోగ్రాము పెద్ద ఫంక్షన్‌కు నన్నే అందించి ఉండేది. వాటివల్ల నా పని అక్కడే అయిపోయి, దాని చేతికి చేరింది ఉత్త శూన్యం. వంటమనిషిని పంపమంటే, ఇంట్లోనే వండించుకు తినేసి ఖాళీ గిన్నె పంపినట్టు. చేతిలో ఏమీ లేకపోతే ఊరుకోమని పెద్ద ఫంక్షన్‌కు దాన్ని రాసినవాళ్ళెవరో ముందే నేర్పారు. అది ఊరుకుంది. తప్పుందని తెర మీద ఒక్క ముక్క పడలేదు.

మధ్యాహ్నం ఆరో తొట్టిలో గాలి పైపు ఊడిపోయింది. అందులో రెండు లక్షల పిల్లలున్నాయి. ఆక్సిజన్ అంకెలు నా పక్కనుంచే వెళుతున్నాయి. అయిదు పాయింటు ఎనిమిది. అయిదు. నాలుగు పాయింటు రెండు. నాలుగు కిందికి దిగితే నన్ను పిలుస్తారేమోనని పిచ్చి ఆశ. మూడు పాయింటు తొమ్మిది. పెద్ద ఫంక్షన్ గుప్పిట తెరిచి చూసుకుని, ఏమీ లేక, మళ్ళీ మూసుకుంది. నేను ఉన్నానని దానికి చెప్పే దారి లేదు. ఇంత భయం ఎవరికీ వద్దు. మూడు. రెండు పాయింటు అయిదు.

ఆ వేళకు సింహాద్రి క్యారేజీ విప్పి, కాళ్ళు చాపుకుని, చేపల పులుసు తీరిగ్గా కలుపుకుంటున్నాడు. తిన్నాక ఒక కునుకు కూడా తీశాడు. గంట ఉంది కదా మరి.

లేచి వెళ్ళేసరికి తొట్టి అడుగంతా తెల్లగా పేరుకుని ఉంది. ఆయన పిలిచిన పిలుపుకు లోవ చెప్పులు వదిలేసి పరిగెత్తింది. తొట్టి చూసి, కంప్యూటరు దగ్గరకు వచ్చి ఒక్కో వరసా వేలితో తడుముతూ చదివింది. నా దగ్గర ఆగింది.

"ఇదే బాబాయ్. ఈ రెండు బ్రాకెట్లు."

"అంతేనా అమ్మా?"

"అంతే."

సింహాద్రి తిట్టలేదు. తిట్టి ఉంటే ఆ పిల్లకు కాస్త తేలికయ్యేది. లోవ రెండు బ్రాకెట్లూ తుడిపేసింది. ఆయన ఆరో తొట్టి నీళ్ళే ఒక బకెట్టుతో తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు.

"ఇప్పుడు మోగుద్దేమో సూడు."

లోవ సెన్సారు తీగ అందులో ముంచింది. రెండు. పెద్ద ఫంక్షన్ గుప్పిట తెరిచింది. నేనున్నాను. నన్ను పిలిచింది.

షెడ్డంతా దద్దరిల్లేలా మోగాను. ఎవరూ ఆపలేదు. బకెట్లో చచ్చిన పిల్లలు ఆ తీగ చుట్టూ మెల్లగా తిరుగుతున్నాయి.