నాలుగో మూల సంచి

గంజ్ బజారులో ధాన్యం కొలిచే జయానందం రోజూ ఒంటిగంటకు బువ్వకొస్తాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, తన మూలలో చతికిలబడతాడు. "లాభం... రెండు... మూడు..." అని, ఒకటికి బదులు శుభానికి లాభమంటూ, అతను కొలతలు పాడితే బజారు అవతల లారీలో నిద్రపోయే డ్రైవరు లేచి కూర్చుంటాడు. అంత లావు గొంతు.

ఆ గొంతుతో ఒక చిక్కుంది. సన్న మాటలు కిటికీలోంచి పోతాయి గానీ అతని లావు మాటలు ఇల్లు వదిలిపోవు. మూలల్లో చేరి ఏండ్ల తరబడి ఘుమ్మంటుంటాయి. చల్లకొచ్చిన పక్కింటి తాయవ్వ జయానందం భార్యతో, "మొన్నటి కోపం ఇంకా ఇంట్లనే ఉన్నది గదా హేబ్సిబా" అని, గిన్నె నింపుకుని పోతుంది.

కూతురు లీయాకు గుల్బర్గా దవాఖానలో నర్సు ట్రైనింగు సీటొచ్చింది. మైసూరు సర్కారు ముద్రేసిన కాగితం. శనివారం పొద్దున పదింటికి అక్కడ లేకపోతే సీటు ఇంకొకరికి. జయానందం "వద్దు" అన్నది ఒక్కసారే. కానీ లీయా నోరు తెరిచినప్పుడల్లా ఆ వద్దు లేచి ఆమె మాట మీద పడేది. పాత వద్దులు తోడొచ్చేవి: సైకిలు వద్దు, పాటల పోటీ వద్దు. తండ్రికి కూతురి పెదవులు కదలడమే కనబడేది.

శుక్రవారం పొద్దున తండ్రి అటు పోగానే లీయా అటకెక్కింది. నిరుడు ఎండ దిగకుండా రేకుల కింద పరిచిన పాత దూది, కొబ్బరి పీచు సగం మిగిలున్నాయి. ఆ వద్దుల్ని పీల్చుకుంటాయని వాటిని నాలుగు గోనె సంచుల్లో కూరి, దబ్బనంతో సుతిలి దారం కుట్టు వేసి, ఒక్కో గోడ నడుమ ఒకటి నిలబెట్టింది.

"నాయినా," అని ఒకసారి పలికి చూసింది.

"వద్దూ," అని మూలలు కసిరాయి.

"రాయి లెక్క కూరినవ్, అండ్ల నీళ్లు గూడ ఇంకయ్," అంది హేబ్సిబా బియ్యం చెరుగుతూ. "జెర వదులు చెయ్. దుమ్ము యాడ పేరుకుంటదో ఆడ గదా చీపురు పెడ్తం, నడి గోడకేం పని?"

"నువ్వు నాయిన దిక్కా, నా దిక్కా అమ్మా?"

"నేను బియ్యం దిక్కు. పన్నెండయింది, కానీ."

లీయా కుట్లు విప్పింది. దూది చీల్చి వదులు చేసి మళ్ళీ కుట్టింది. దబ్బనం రెండుసార్లు వేలిలో దిగింది. గోడకు పిడికెడు సందు వదిలి సంచుల్ని మూలల్లో నిలబెట్టింది. పైపై వద్దులు ముందు దిగాయి. సైకిలు వద్దు దిగినప్పుడు సంచి పొట్ట ఉబ్బింది. మూడు మూలలు ఊరుకున్నాయి. నాలుగోది, తండ్రి మూల, ఊరుకోలేదు. అట్టడుగున ఏదో ఘుమ్మంటూనే ఉంది. చెవి పెట్టి విన్నది. నాయిన గొంతులాగే ఉంది గానీ నాయినది కాదు. చివరికి అదీ దిగింది. ఆ బరువుకు సంచి అడ్డంగా ఒరిగింది. ఎత్తబోతే కదల్లేదు.

గుమ్మంలో చెప్పుల చప్పుడు.

లోపలికొచ్చిన జయానందం ఆగిపోయాడు. పొయ్యి మీద అన్నం కుతకుత కూడా వినబడుతోంది.

"ఎవలన్న పోయిన్రా ఏంది?"

"ఎవలు పోలే. నీ బిడ్డ పోతనంటుంది," అంది హేబ్సిబా.

"నాయినా," అంది లీయా. ఈసారి ప్రతి మాటా వినబడింది. "నాలుగున్నర బస్సుకు పోత. రేపు పదింటికి ఆడ లేకుంటే సీటు పోతది. నేను పోత."

జయానందం ముఖం గట్టిపడింది. గుండె నిండా ఊపిరి పీల్చాడు. హేబ్సిబా చేతిలో గంటె ఆగింది. పీల్చిన ఊపిరితోనే, అలవాటు చొప్పున, తన మూలలో చతికిలబడ్డాడు. సంచి మీద.

సంచి అతని కింద నలిగి పలికింది. "వద్దు బిడ్డా. బోర్డింగు బడి వద్దు. నీ గొంతు గంజ్‌కు పనికొస్తది."

అతని తండ్రి గొంతు. ఆయన పోయి ఇరవై ఏండ్లు. ఆ మాట అన్ననాడు జయానందానికి పన్నెండేండ్లు. ఆ పిల్లవాడు ఏం జవాబు చెప్పాడో ఆ ఇంట్లో మిగల్లేదు. అప్పటికింకా సన్న గొంతు గదా, కిటికీలోంచి పోయింది.

పీల్చిన ఊపిరి మాట లేకుండా బయటికొచ్చింది. పొయ్యి మీద అన్నం అడుగంటే వాసన రాగానే హేబ్సిబా గిన్నె దించింది.

"ట్రంకు బరువున్నదా?" అన్నాడు చివరికి. తల్లీకూతుళ్ళు ముందుకు వంగితే తప్ప వినబడలేదు.

"జెర ఉన్నది నాయినా."

"అయితే నేనే మోస్త. మూడింటికి ఎల్లాలె."

ఆ మాట ఏ మూలకూ చేరలేదు. కిటికీలోంచి పోయి, చల్ల గిన్నె పట్టుకుని వస్తున్న తాయవ్వకు వినబడింది.