సాన పట్టిన ముక్కుపుల్ల

ఆత్మకూరులో అవుసుల గోవిందుకు ఆస్తి అంటూ ఏదైనా ఉంటే అది కాగితపు పొట్లమే. ఏ నగ చేసినా, ఆకురాయితో రాకినప్పుడు రాలిన బంగారు రజనును కూడా పొట్లం కట్టి నగతోపాటు చేతిలో పెట్టేవాడు. తండ్రి నేర్పిన అలవాటు. అందుకే ఊళ్లో ఆడవాళ్లు మెడలోది తీసి అతని ముందు పెట్టి, తూకమైనా చూడకుండా సంతకు పోయేవాళ్లు.

సకీనాబీ కూడా అట్లాగే తన ముక్కుపుల్ల ఇచ్చిపోయింది. తల్లి పెట్టిన వజ్రం, కందిబద్దంత ఉంటుంది. కాడ విరిగింది, అతికించమంది, అంతే. ఆ పని చేసి ఊరుకుంటే గోవిందు బతుకు ఎప్పటిలా సాగిపోయేది. ఊరుకుంటేనా! రాయిని పొదిగిన గూడు విప్పి చూశాడు. రాయి అడుగున వెండి రేకు ఉంది. ఇన్నేళ్లూ మెరిసింది ఆ రేకే. దాన్ని తీసేస్తే రాయి సీసా పెంకులా పడి ఉంది. తూకం తగ్గకూడదని పాతకాలం వాళ్లెవరో పైపైన చెక్కి వదిలేశారు. పైన పడ్డ వెలుతురు తిరిగి కంటికి రాకుండా అడుగు నుంచి జారిపోతోంది. ఇంత మంచి రాయికి ఇంత అన్యాయమా అనుకున్నాడు గోవిందు.

ఆమెను పిలిపించి చెప్పాడు. అడుగున వాలు కుదిరేలా సాన పట్టిస్తే రాయి చిన్నదవుతుంది గానీ నిప్పులా వెలుగుతుంది, విలువ కూడా పెరుగుతుంది. ఆమెకు సగమే అర్థమైంది. "మీ నాయిన చెప్తే కాదన్ననా, నువ్వు చెప్తే కాదంటనా," అంది.

రాయి హైదరాబాదు పోయింది. సరిగ్గా ఆ నెలలోనే గోవిందు భార్య హన్మమ్మకు కడుపులో గడ్డ లేచి పాలమూరు దవాఖానలో ఆపరేషన్ చేశారు. ఖర్చంతా ఆమె తమ్ముడు పెట్టుకున్నాడు. ఆపరేషన్ సంగతి ఊరికి తెలుసు గానీ డబ్బు ఎవరిచ్చారో తెలియదు, గోవిందు చెప్పుకోనూ లేదు.

తిరిగొచ్చిన రాయి జొన్నగింజంత ఉంది. తలుపు ఓరగా వేసిన దుకాణంలో కూడా కళ్లు చెదిరేలా మెరిసింది. దాన్ని అడుగు తెరిచిన కొత్త గూట్లో పొదిగాడు. ఇక రేకుతో పని లేదు. ముప్పై ఏళ్లలో తన చేతి మీదుగా ఇంత అందమైన నగ పోలేదని గోవిందు పొంగిపోయాడు.

సకీనాబీ కొడుకు ఫహీమ్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. ముక్కుపుల్లను అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత రెండో చెయ్యి చాపింది.

"మిగిలింది ఏది గోవిందూ?"

పొట్లం అడుగుతోందని అతనికి అర్థమైంది. వజ్రం నుంచి తీసింది తునకగా మిగలదనీ, సాన మీద పొడై పోతుందనీ చెప్పాడు. చెబుతుంటే తన మాట తనకే అబద్ధంలా వినబడింది. చిటికెడు బంగారం రాలితే పొట్లం కట్టేవాడు, సగం వజ్రం గాలిలో కలిసిందంటే ఎవరు నమ్ముతారు? సానవాడు రాసిచ్చిన చీటీ చూపించాడు. కాగితం ఎవడైనా రాస్తాడని ఫహీమ్ గొంతు లేపాడు. బజారు బజారంతా ఆగి చూసింది.

సకీనాబీ కొడుకును ఊరుకోమంది. ముందుకు వంగి, గోవిందుకు మాత్రమే వినబడేలా అంది.

"నీ పెండ్లాం దవాఖానల పడె. పరేషాన్ల ఉంటివి. నాకు తెల్వదా? అడిగితే నేనే ఇద్దును గద కొడుకా. పోనీ, మాఫ్ చేసిన. ఎవ్వరికీ చెప్ప."

తిట్టి ఉంటే ఎదురు తిరిగేవాడు. పంచాయితీ పెడితే పదిమందిలో నిలబడి వాదించేవాడు. క్షమించిన మనిషితో ఏం వాదిస్తాడు? "నేను తియ్యలేదమ్మా," అన్నాడు. ఆమె జాలిగా తలూపింది. అది చూసి అతనికి ఏడుపొచ్చింది. ఆ ఏడుపును కూడా ఆమె ఒప్పుకోలు కిందే తీసుకుంది.

ఆమె మాట తప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది. ఇప్పుడు పనికొచ్చిన ఆడవాళ్లు సంతకు పోవడం లేదు. నగ చేతికి వచ్చేదాకా గోవిందు ఎదురుగా కూర్చుని, అతని వేళ్లనే చూస్తున్నారు.

ఒకరోజు వనపర్తి బస్సు కోసం పోయిన గోవిందుకు బస్టాండులో సకీనాబీ కనబడింది. ఎండ పడి ఆమె ముక్కు మీద రాయి భగ్గుమంటోంది. చుట్టూ చేరిన ఆడవాళ్లు, ఇంత బాగా ఎవరు చేశారని అడుగుతున్నారు. ఆమె అతన్ని చూసింది. చూసి, పాపం వాడు సిగ్గుపడతాడేమోనని, మెల్లగా కొంగు లాగి ముక్కు కప్పుకుంది.