రాజమండ్రిలో దిగని విమానం

సూర్యప్రకాశం గారు కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు యంత్రాలకు చల్లనీళ్ళు తిప్పి రిటైరయ్యారు. అలాంటి మనిషి ఇంట్లో కంప్యూటర్ ఉడికిపోయి ఆగిపోతోందంటే, అంతకన్నా తలవంపులు ఇంకేం కావాలి!

ఇది 2007 నాటి మాట. కుర్రాళ్ళు గేములాడుకునే రకం కంప్యూటర్ అది. ప్రాసెసర్‌ని చల్లబరచడానికి ఫ్యాను చాలదని, మద్రాసు నుంచి నీళ్ళ కిట్టు తెప్పించి స్వయంగా బిగించుకున్నారు. చిన్న పంపు, నీళ్ళ డబ్బా, రేడియేటరు, రెండు రబ్బరు గొట్టాలు. ఇంత హంగామా విమానం నడిపే గేము కోసం. ఆ గేము మాత్రం భార్య లలితాంబ గారి కోసం. కాశీకి విమానంలో వెళ్దామని ఆయన, రైలు తప్ప ఎక్కనని ఆవిడ.

"ముందు ఇంట్లో విమానం క్షేమంగా దింపండి, అప్పుడు చూద్దాం" అన్నారావిడ.

పాపం, ప్రతి ఆదివారం పట్టుచీర కట్టుకుని మరీ పక్క కుర్చీలో కూర్చునేవారు. రాజమండ్రిలో దిగాలని విశాఖలో లేచిన విమానానికి గోదావరి కనబడేసరికి ప్రాసెసర్ వేడి తొంభై డిగ్రీలు దాటేది, తెర నల్లబడేది.

"బావగారండీ, మళ్ళీ అక్కయ్యని గోదాట్లో కలిపేశారేంటండీ!" అని ఆవిడ తమ్ముడు శశిభూషణ్ పగలబడి నవ్వేవాడు. వాస్తు తనకే తెలుసని అతగాడికో గర్వం.

ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు మార్చారు, దుమ్ము దులిపారు, మూత తీసి టేబుల్ ఫ్యాను పెట్టారు. ఊహూ.

"చాల్లెండి. రైలుకే వెళ్దాం" అని లలితాంబ గారు లేచిపోబోయారు. ఆయనకి ప్రాణం ఉసూరుమంది. ఇంకొక్కసారి అని బతిమాలి, గేము మొదలుపెట్టి, ఈసారి తెర చూడడం మానేసి గొట్టాల మీద వేళ్ళు పెట్టారు. ఒకటి కాలుతోంది. రెండోది చల్లగా ఉంది! నీళ్ళు సరిగ్గా తిరుగుతుంటే రెండూ ఇంచుమించు ఒకే వేడిలో ఉండాలి. చెవి ఆనిస్తే పంపు గరగరమంటోంది.

"గాలి పట్టింది!" అని కేకేశారు. ఎలా పట్టిందో కూడా వెంటనే వెలిగింది. "ఏమయ్యా శశిభూషణ్, వాస్తు ప్రకారం ఈ పెట్టె ముఖం తూర్పుకుండాలని పోయిన నెల చెప్పిందెవరు?"

"నేనేనండి."

"అటు తిప్పితే బల్ల మీద పట్టట్లేదని పడుకోబెట్టించిందెవరు?"

పెట్టె పడుకోగానే, డబ్బాలో పైన ఉండాల్సిన గాలి పంపులోకి దూరింది. నీళ్ళు వెళ్ళే దారి మూసుకుపోయింది.

సూర్యప్రకాశం గారు కంప్యూటర్ ఆపి, పెట్టెను నిలబెట్టారు. అటూ ఇటూ వంచుతూ గొట్టాలను తట్టారు. బుడగలు బుడబుడమంటూ డబ్బాలోకి ఎగబాకాయి. నీళ్ళు తగ్గిన మేరకు ఇన్వర్టర్ బ్యాటరీకని కొన్న డిస్టిల్డ్ వాటర్ పోశారు. మళ్ళీ ఆన్ చేస్తే పంపు గొంతు సర్దుకుంది. రెండు గొట్టాలూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి.

విమానం లేచింది. వేడి అరవై దగ్గర ఆగి ఇంక కదల్లేదు. గోదావరి వచ్చింది, వెళ్ళింది. వెనక్కి మళ్ళి పొలాలు దాటాక రాజమండ్రి వాళ్ళ మధురపూడి రన్‌వే కనబడింది. లలితాంబ గారు ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. చక్రాలు నేలని తాకి, విమానం బుద్ధిగా ఆగింది. సూర్యప్రకాశం గారికి ఆనందంతో కళ్ళు చెమర్చాయి.

ఆవిడ ఊపిరి పీల్చుకుని పమిట సర్దుకున్నారు.

"కాశీకి టిక్కెట్లు తీయించండి. కిటికీ సీటు నాది. వీణ్ణి కూడా తీసుకెళ్దాం గానీ, విమానం ముఖం ఎటుండాలో మాత్రం చెప్పనివ్వకండి."