కాటా ఎక్కిన ఊరు

నేను ఇరవై కిలోల ఇనుప రాయిని. ఇనుముకి రాయి అని పేరేమిటని అడక్కండి, తూకానికి పెట్టేది ఏదైనా మనుషులకి రాయే. ఇరవైకి ఎక్కువా కాదు తక్కువా కాదు అని నా ఒంటి మీద ప్రభుత్వ ముద్ర ఉండేది. నా జీవితంలో మొదటి సగం ఆ ముద్ర చూసుకుని మురిసిపోవడానికే సరిపోయింది. మనుషులు నాలుగు పెళ్ళిళ్ళకి వెళ్ళొస్తే పెరుగుతారు, జ్వరమొస్తే తగ్గుతారు, ఎంత అని అడిగితే అబద్ధం చెప్తారు. నాకా బెడద లేదు.

విజయవాడ ఆటోనగర్‌లో పుట్టాను. పాత మోటార్ల పెంకులు, విరిగిన ఇరుసులు కరిగించి ఇసుక అచ్చులో పోశారు. చల్లారాక తూస్తే కాస్త తక్కువొచ్చాను. నా అడుగున ఒక గుంట ఉంది, అందులో సీసం పోశారు. ఎక్కువైందని గీకారు, తక్కువైందని మళ్ళీ పోశారు. చివరికి సరిపోయాననిపించాక తూనికల ఇన్‌స్పెక్టరు వచ్చి ముద్ర కొట్టాడు. ఆ సుత్తిదెబ్బతో నాకు పొగరు కూడా దిగిందని నా అనుమానం.

మొదట గుంటూరు మిర్చి వ్యాపారి ఒకాయన కొన్నాడు. ఆయన భక్తి అంతా ఇంతా కాదు. రోజూ పొద్దున్నే నాకు పసుపు రాసి కుంకుమ పెట్టి దండం పెట్టేవాడు. ఆ తరవాత నేను కూర్చునే పళ్ళెం అడుగున చింతపండు ముద్ద అంటించి, రైతుల్ని పిలిచేవాడు. నేను మాత్రం ఇరవయ్యే. ఎలక్ట్రానిక్ కాటాలొచ్చాక ఆయన భక్తి వాటి మీదికి మళ్ళింది. నన్ను అమ్మేస్తే చేతులు మారి మారి, కడపలో కాటాలు బాగుచేసే ఒక మెకానిక్ దగ్గరికి చేరాను. ఆయన నన్ను మళ్ళీ పరీక్ష చేయించి ముద్ర వేయించాడు. అక్కడే హైమవతి నన్ను చూసి కొనుక్కుంది.

హైమవతి గనుల ఇంజనీరు. నెత్తి మీద సగం వెంట్రుకలు గనుల దుమ్ములోనే నెరిశాయి. ఉద్యోగం మానేశాక, నేలలోంచి తీసే ఖనిజానికి ప్రభుత్వానికీ ఊళ్ళకీ రావలసిన వాటా సరిగ్గా వస్తోందో లేదో తేల్చే పని పెట్టుకుంది. ఆమెతో ఇనాయతుల్లా అనే ఆర్థికశాస్త్రం చదివిన కుర్రాయన ఉండేవాడు. కాగితాల మీద వాళ్ళని నిపుణుల బృందం అంటారు. చూస్తే ఇద్దరు మనుషులు, ఒక అద్దె జీపు. వనరుల పాలన, పారదర్శకత లాంటి మాటలు ఇనాయతుల్లా నోటికి అన్నంలా అలవాటు. హైమవతికి ఆ మాటలు అంతగా పట్టవు. జీపులో నన్ను చూసి డ్రైవరు సణిగితే, "ఎవరు ఏం చెప్పినా చివరికి తూచి చూసుకోవాల్సిందే కదయ్యా" అంది. నాకు ఆమె ఆ క్షణంలోనే నచ్చింది.

మమ్మల్ని తుమ్మలగొంది అనే ఊరికి పంపింది జిల్లా ఖనిజ నిధి కమిటీ. అక్కడ ముగ్గురాయి గని ఉంది. తెల్లగా, చూపుకి మామూలుగా ఉండి, ఎత్తితే చెయ్యి లాగేసే రాయి. గని లోతయ్యేకొద్దీ ఊరి బోర్లు ఎండిపోయాయి. గని చెల్లించే రాయల్టీలో ఊరి వాటాతో ఏటి నుంచి మంచినీళ్ళ పైపు వేయిస్తామని కమిటీ మాటిచ్చింది. రాయల్టీ టన్నుల లెక్కన వస్తుంది. రెండేళ్ళుగా గని కంపెనీ, రాయి మూడో వంతు తగ్గిపోయిందని చెప్తోంది. రాయి తగ్గితే వాటా తగ్గుతుంది, వాటా తగ్గితే పైపు లేదు. తగ్గింది నిజమో కాదో, మేం గని దగ్గరికి వెళ్ళిన మర్నాడే హైమవతి కమిటీలో చెప్పాలి. నిజమే అని సంతకం పెడితే తుమ్మలగొంది గనివాళ్ళ ట్యాంకరు వెనక బిందెలతో పరిగెడుతూనే ఉంటుంది.

గని గేటు దగ్గరే లారీలను నిలువునా తూచే పెద్ద కాటా ఉంది. లారీ బయటికి పోవాలంటే ఆ ఇనుప పలక మీదుగానే పోవాలి, వేరే దారి లేదు. మేనేజరు సుధాకర్ ఇస్త్రీ చొక్కాతో, అంతకన్నా నున్నటి నవ్వుతో ఎదురొచ్చాడు.

"చూసుకోండి మేడం. మాకు దాపరికం లేదు. సర్టిఫికెట్ కూడా ఉంది."

నన్ను ఖాళీ పలక మీద పెట్టారు. తెర మీద ఇరవై అని పడింది. నేను గర్వంగా కూర్చున్నాను. అంతకు రెండ్రోజుల ముందు హైమవతి ఒక లారీని పట్నంలో వేరే కాటా మీద తూయించింది. అక్కడ ఎక్కువొచ్చింది. ఆ మాటెత్తితే సుధాకర్, "తప్పు వాళ్ళదేమో మేడం, మా దానికి ముద్ర ఉంది" అన్నాడు. ముద్ర ఉన్నవాళ్ళని శంకించడం నాకూ నచ్చలేదు, నిజం చెప్పొద్దూ.

అప్పుడు హైమవతి నిండు లారీని పలక ఎక్కించి, దాని పక్కన నన్ను పెట్టింది. తెర మీద పది మాత్రమే పెరిగింది.

నేను పదా? నా పుట్టుకలో అంత అవమానం జరగలేదు.

"లారీ కాటా కదా మేడం, ఒక పది అటూ ఇటూ ఉంటుంది. రూల్సులోనే ఉంది" అన్నాడు సుధాకర్. నిజంగానే ఉంది. హైమవతికి తెలుసు. ఈ కాటా చిన్న బరువు దగ్గర నిజం చెప్పి, పెద్ద బరువు దగ్గర మింగుతోందని ఆమెకి అర్థమైంది. కానీ అది రుజువు చెయ్యడానికి నా ఒక్క రాయి చాలదు. టన్నుల కొద్దీ రాళ్ళు కావాలి. తూకపు రాళ్ళు తెచ్చే బండి కోసం తూనికల శాఖకి ఫోను చేస్తే వచ్చే నెల అన్నారు.

"రేపు కమిటీకి ఏం చెప్తాం మేడం?" అన్నాడు ఇనాయతుల్లా. హైమవతి వచ్చి నా మీద కూర్చుంది. నాకేమో ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. నా నిజం నిజమే, కానీ ఇంత చిన్నదని నాకు అంతవరకు తెలీదు. చిన్న బరువుకి సాక్ష్యం చెప్పించుకుని పెద్ద దొంగతనం చేసేవాళ్ళకి నాలాంటిది ఎంత చుట్టమో ఆరోజే తెలిసొచ్చింది.

గేటు బయట ఆడవాళ్ళు ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకుని నిలబడ్డారు. వాళ్ళలో సర్పంచి ఓబుళమ్మ కూడా ఉంది. ఆమెది కూడా క్యూలో ఒక బిందే. హైమవతి లేచి ఆమె దగ్గరికి వెళ్ళింది.

"ఓబుళమ్మగారూ, ఊళ్ళోంచి ఎంతమంది రాగలరు?"

"దేనికి మేడమ్మా? ధర్నాకా?"

"కాదు. బరువుకి."

హైమవతి చెప్పింది ఓబుళమ్మ ఒక్కసారే విని ఊళ్ళోకి పరిగెత్తింది. కాసేపటికి ఊరు కదిలొచ్చింది. పొలాల నుంచి మొగవాళ్ళు, పొయ్యి ఆర్పి వచ్చిన ఆడవాళ్ళు, కర్ర పట్టుకున్న ముసలాళ్ళు. కాస్త ఒళ్ళున్న ఒకామె ఇనాయతుల్లాని చాటుకి పిలిచి, "ఒక్కొక్కరిది పైకి చదవరు గదా నాయనా?" అనడిగింది. అందరిదీ కలిపేనంటే ఊపిరి పీల్చుకుని ముందుగా ఆమే ఎక్కింది.

సుధాకర్‌కి ఇదంతా తమాషాగా ఉంది. "ఎక్కనివ్వండి మేడం, సరదాగా ఉంటుంది" అన్నాడు. ఖాళీ పలక నిండా జనం ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డారు. తెర మీద మూడు టన్నులకి కాస్త తక్కువ పడింది. ఆ అంకె సుధాకరే నవ్వుతూ పైకి చదివాడు. ఇనాయతుల్లా ఫోనులో వీడియో తీశాడు.

"ఇప్పుడు నిండు లారీని రానివ్వండి. ముందు దాన్ని ఒక్కదాన్నే తూద్దాం. తరవాత దాంతోపాటు వీళ్ళంతా మళ్ళీ ఎక్కుతారు" అంది హైమవతి.

సుధాకర్ నవ్వు అప్పుడు ఆగింది. లారీ డ్రైవర్లు భోజనానికి పోయారన్నాడు. తరవాత తాళాలు కనబడటం లేదన్నాడు. ఎండ నడినెత్తికొచ్చింది.

"అట్లయితే ఈడ్నే కూచుంటాం" అంది ఓబుళమ్మ. ఊరంతా పలక మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒక్కరు కూడా కదలకూడదు, ఒక్కరు కూడా కొత్తగా కలవకూడదని ఆమె హుకుం. ఆలస్యంగా వచ్చిన ఆమె మొగుడు పలకెక్కబోతే, "నువ్వు లెక్కలో లేవు, దిగు" అని తోసేసింది. ఆయన దిగి, నా పక్కన నిలబడి, నాకే చెప్పుకున్నాడు తన బాధ.

ఇనుప పలక కాలిపోతోంది. అప్పుడు సుధాకర్‌కి దయ కలిగింది. చల్లటి మజ్జిగ ప్యాకెట్లు బుట్టల నిండా పంపించాడు. జనం కళ్ళు వాటి మీదికి పోయాయి. పొద్దుట్నుంచి ఎవరి గొంతులోనూ చుక్క దిగలేదు. ఓబుళమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"తాగండమ్మా. ఆ మాత్రానికి తేడా రాదు, నేను లెక్క చూసుకుంటాను" అంది హైమవతి. ఆమెకి ముసలాళ్ళని చూస్తే భయంగా ఉంది.

"తేడా రాదని నీకు తెల్సు మేడమ్మా, ఆయప్పకీ తెల్సు. అయినా రేపు కమిటీలో మజ్జిగ తాగి బరువు పెరిగినారంటాడు. ఆ మాట ఆయప్ప నోట్లోంచి రానియ్యగూడదు." ఆమె జనం వైపు తిరిగింది. "నీళ్ళ కోసరం వచ్చినోళ్ళం. నీళ్ళ కాడ ఓడిపోతామా?"

ఎవరూ ప్యాకెట్ ముట్టుకోలేదు. కర్ర పట్టుకున్న తాత ఒకాయన బుట్టని కాలితో పక్కకి నెట్టాడు. హైమవతి చేతిలో ఉన్న నీళ్ళ సీసా తీసుకెళ్ళి జీపులో పెట్టేసి వచ్చి, ఎండలో వాళ్ళ ఎదురుగా నిలబడింది. నేను ఎన్నో తూకాలు చూశాను గానీ, బరువు మారకూడదని మనుషులు అంత పట్టుదలగా కూర్చోవడం ఎప్పుడూ చూడలేదు. ఆ పని నేనొక్కదాన్నే చేస్తాననుకునేదాన్ని. ఒప్పుకుంటున్నాను, వాళ్ళని చూసి నాకు దుఃఖమొచ్చింది.

ఎక్కువసేపు నిలబడాల్సిన పని రాలేదు. గనిలోంచి వచ్చిన లారీలు గేటు దాకా బారులు తీరి హారన్లు కొట్టడం మొదలెట్టాయి. పలక మీద ఊరుంటే లారీ ఎట్లా పోతుంది? "మా ట్రిప్పులు పోతాండాయి సార్, తూస్తే తూయండి, ల్యాకుంటే దోవియ్యండి!" అని డ్రైవర్లు సుధాకర్ మీద పడ్డారు. అతను చుట్టూ చూశాడు, చెమట తుడుచుకున్నాడు. వరసలో మొదటి లారీని రమ్మన్నాడు.

జనం దిగారు. లారీ ఎక్కింది, తెర ఒక అంకె చూపించింది. తరవాత ఊరంతా మళ్ళీ ఎక్కింది, లారీకి ముందూ వెనకా, కుర్రాళ్ళు లారీలోని రాళ్ళ మీదా. అందరూ తెర వైపు చూశారు. మూడు టన్నులు పెరగాల్సిన చోట రెండు కూడా పెరగలేదు.

"జనం కదులుతుంటే..." అని మొదలెట్టాడు సుధాకర్.

"ఇందాక మటుకు బొమ్మల మాదిరి నిలబడినామా?" అంది ఓబుళమ్మ.

హైమవతి దింపింది, ఎక్కించింది. మళ్ళీ దింపింది, ఎక్కించింది. ప్రతిసారీ అదే. అప్పుడామె గొంతు పెంచకుండా అంది, "సుధాకర్ గారూ, వీళ్ళ బరువు ఇందాక మీరే చదివారు. లారీ పక్కన నిలబడితే ప్రతి ముగ్గురిలో ఒకరు ఏమైపోయారో మీరే చెప్పండి."

ఓబుళమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, గని వాళ్ళ మజ్జిగ వైపు చూడకుండా, జనాన్ని తీసుకుని పంచాయతీ ఆఫీసులో మిగిలిన కుండనీళ్ళ దగ్గరికి పోయింది.

మర్నాడు కమిటీలో ఒక పెద్దాయన, మనుషులు చట్టప్రకారం తూకపు రాళ్ళు కారు కదా అని అభ్యంతరం చెప్పాడు. "వాళ్ళ బరువు నేను చెప్పలేదండీ, ఆ కాటాయే చెప్పింది. తరవాత ఆ కాటాయే కాదంది" అని హైమవతి కూర్చుంది. వచ్చే నెల రావలసిన రాళ్ళ బండి ఆ వారంలోనే వచ్చింది. కాటా విప్పితే, బరువు ఒక హద్దు దాటాక పైదాంట్లో మూడో వంతు కోసేసే చిన్న పెట్టె ఒకటి తీగల మధ్యన దొరికింది. కాటాకి సీలు వేశారు, కంపెనీకి నోటీసులు వెళ్ళాయి. తగ్గింది రాయి కాదని హైమవతి రాసి సంతకం పెట్టింది. పైపు పడటానికి ఇంకో వేసవి పట్టింది. ఇప్పుడు తుమ్మలగొందిలో రోజు విడిచి రోజు నీళ్ళొస్తాయి. రోజూ రావాలని ఓబుళమ్మ ఇంకా పోట్లాడుతూనే ఉంది.

మధ్యలో నా సంగతి ఒకటి జరిగింది. రెండేళ్ళకోసారి నాలాంటి వాటికీ పరీక్ష ఉంటుంది. తుప్పూ దెబ్బలూ తిని నేను కాస్త తగ్గానట. ఇన్‌స్పెక్టరు నా ముద్ర ఉలితో కొట్టేశాడు. ఇక దేన్నీ తూచడానికి పనికిరానని తేలింది. హైమవతి నన్ను పాత ఇనుముకి వెయ్యలేక, జీపులోనే ఉంచుకుని తుమ్మలగొంది తీసుకెళ్ళింది.

"అయితే మాకియ్యి మేడమ్మా" అంది ఓబుళమ్మ, నన్ను ఎత్తి చంకనేసుకుంటూ. "మా ఊళ్ళో ముద్ర ఎవురికుంది?"

ఇప్పుడు కొత్త కాటా వచ్చింది. అయినా ఊరు నమ్మి ఊరుకోలేదు. నెలకోసారి పనులు మానుకుని గేటు దగ్గరికి పోయి, లారీ లేకుండా ఒకసారి, నిండు లారీతో ఒకసారి పలకెక్కి చూసుకుంటారు. దాన్ని కమిటీ చేత తీర్మానంలో రాయించేదాకా హైమవతి వదల్లేదు. ఆ రోజున ఓబుళమ్మ నన్నూ పలక మీద జనం మధ్యలో దింపుతుంది. నేను తూచను. వాళ్ళతోపాటు తూగుతాను. నాలాగే ముద్ర లేనివాళ్ళని నా చుట్టూ చాలామందిని చూస్తున్నాను ఈమధ్య.

"అందురూ ఎక్కినారా?" అని అరుస్తుంది ఓబుళమ్మ.

"ఎక్కినాం!"

"రాయి?"

"ఎక్కింది."

"అయితే లారీని రమ్మను."